రాంచీలో రామకథ: ఫాదర్ కామిల్ బుల్కే

మన గోల్‌మురి బజారులో అరగంట నడిస్తే హిందీ, బంగ్లా, ఒడియా, పంజాబీ, భోజ్‌పురి, సంతాలీ అన్నీ చెవిన పడతాయి. మధ్యమధ్య మన తెలుగూ వినిపిస్తుంది. ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్లు తిరిగిన మాకు ప్రతిచోటా తల్లిదండ్రుల నుంచి ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. మూడేళ్లకోసారి ఊరు మారే పిల్లలకు ఉన్న ఊరి భాష ఎందుకు, ఇంటి భాష మాత్రం ఎందుకు, ఇంగ్లీషు ఒక్కటి వస్తే చాలదా అని. అప్పుడల్లా మాకు ఫాదర్ కామిల్ బుల్కే గుర్తుకొస్తారు. పదో తరగతి హిందీ పుస్తకం క్షితిజ్‌లో ఆయన మీద సర్వేశ్వర్ దయాళ్ సక్సేనా రాసిన పాఠం చాలా ఏళ్లు ఉండేది. మీ అన్నయ్యలూ అక్కయ్యలూ చదివే ఉంటారు. ఆయన పనిచేసిన రాంచీ మనకు 130 కిలోమీటర్ల దూరమే.

బుల్కే 1909 సెప్టెంబరు 1న బెల్జియంలోని పశ్చిమ ఫ్లాండర్స్‌లో, రామ్స్‌కాపెల్లె అనే పల్లెలో పుట్టారు. ఊరి పేరులో రాముడు ఉన్నట్టు అనిపించడం కేవలం కాకతాళీయం. అక్కడి ఇళ్లలో మాట్లాడే భాష ఫ్లెమిష్. కానీ ఆఫీసులకూ పెద్ద చదువులకూ ఫ్రెంచి కావాలి, గొప్పింటి వాళ్లూ ఫ్రెంచే మాట్లాడేవారు. ఫ్లెమిష్ అంటే పల్లెటూరి మాట అని చిన్నచూపు. లూవాన్ విశ్వవిద్యాలయంలో ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఫ్లెమిష్ విద్యార్థులు తమ భాష కోసం ఉద్యమం చేస్తుండేవారు. వాళ్లలో బుల్కే ఒకరు.

1930లో ఇంజనీరింగ్ విడిచిపెట్టి, జెస్యూట్లు అని పిలిచే యేసు సభలో చేరారు. కొన్నేళ్లకు మన దేశం వచ్చి, కొద్దికాలం డార్జిలింగ్‌లో ఉండి, గుమ్లాలో పిల్లలకు లెక్కలు చెప్పారు. చదువుకున్నవాళ్లు సొంత భాష మాట్లాడటానికి సిగ్గుపడటం ఇక్కడా చూశారు. తన ఊళ్లో చూసిన జబ్బే ఇది. హజారీబాగ్‌లో ఒక పండితుడి దగ్గర హిందీ, సంస్కృతం నేర్చుకున్నారు. 1941లో గురువుగా అభిషేకం పొందారు. ఆ తర్వాత కలకత్తాలో సంస్కృతం ఎం.ఏ. చేసి, 1945లో అలహాబాదు చేరారు.

క్రైస్తవ గురువుకు రామాయణంతో ఏం పని అని మీరు అడగవచ్చు. కథోలిక మతంలో పాత విద్యా సంప్రదాయం ఒకటుంది. విశ్వాసానికీ బుద్ధికీ వైరం లేదని, సత్యం ఎవరి పుస్తకంలో దొరికినా దానికి భయపడనక్కర్లేదని ఆ సంప్రదాయం నమ్ముతుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, క్రీస్తుకు ముందువాడైన అరిస్టాటిల్‌ను ముస్లిం పండితుల వ్యాఖ్యానాల సాయంతో చదివాడు. తర్వాత జెస్యూట్లు ఏ దేశం వెళ్తే ఆ దేశం భాషా గ్రంథాలూ పట్టుకున్నారు. మదురైలో రాబర్ట్ డి నోబిలి తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చాడు. తెలుగుకు నిఘంటువు తయారుచేసిన గాస్టన్ కుర్దూ, సంస్కృతం, లాటిన్, గ్రీకు చుట్టరికాన్ని వివరిస్తూ 1767లో ఫ్రాన్సు పండితులకు రాశాడు. అదే మాట విలియం జోన్స్ చెప్పింది 1786లో. పేరు మాత్రం జోన్స్‌కే వచ్చింది, ఇది మాకు ఎప్పుడూ కాస్త వెలితిగానే ఉంటుంది. మతప్రచార ఉద్దేశం వీళ్లకు లేదా అంటే, ఉంది. దాన్ని దాచనక్కర్లేదు. కానీ నిఘంటువును తూచవలసింది అందులోని పదాలతోనే, పరిశోధనను తూచవలసింది అందులోని ఆధారాలతోనే.

అలహాబాదులో బుల్కే తన సిద్ధాంత గ్రంథాన్ని హిందీలోనే రాస్తానని పట్టుబట్టారు. అప్పటికి హిందీ సాహిత్యం మీద పరిశోధనైనా ఇంగ్లీషులోనే సమర్పించాలి. విశ్వవిద్యాలయం చివరికి నియమం మార్చుకుంది. బెల్జియం నుంచి వచ్చిన మనిషి అడిగితే తప్ప ఆ తలుపు తెరుచుకోలేదు చూడండి!

ఆ గ్రంథమే రామకథా ఉత్పత్తి ఔర్ వికాస్. 1950లో అచ్చయింది. వాల్మీకితో మొదలుపెట్టి, బౌద్ధుల దశరథ జాతకం, జైనుల పఉమచరియ, మన రంగనాథ రామాయణం, కంబ రామాయణం, తులసీదాసు, జావా, థాయిలాండ్, టిబెట్ కథల దాకా పరిశీలించారు. ఆయన లెక్కలోకి వచ్చిన రామకథలు మూడు వందల దాకా ఉన్నాయి. ఒక్కొక్క కాండలో ఏ కథ ఎక్కడ పుట్టింది, ఎక్కడ మారింది అని ఇంజనీరు లెక్క కట్టినట్టు చూశారు. దశరథ జాతకం నుంచే రామాయణం పుట్టిందని వేబర్ అనే జర్మన్ పండితుడు అన్నాడు. బుల్కే ఆధారాలు పోల్చి దాన్ని కాదన్నారు, జాతక కథే రామకథకు మారిన రూపమని తేల్చారు. ఉత్తరకాండ తర్వాత చేరిందని కూడా అంతే నిర్మొహమాటంగా రాశారు. ఎవరినీ మెప్పించడానికి రాసిన పుస్తకం కాదది. తులసీదాసు అంటే ఆయనకు ప్రాణం, రోజూ తన పూజ మాత్రం మానలేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవాలని ఆయనకు ఎన్నడూ తోచినట్టు లేదు. ఇతర మతాల్లోని సత్యాన్ని గౌరవించాలని వాటికన్ మహాసభ ప్రకటించింది 1965లో. ఈ పుస్తకం అప్పటికే పదిహేనేళ్ల పాతది.

1949లో రాంచీ సెయింట్ జేవియర్స్ కాలేజీలో హిందీ, సంస్కృత శాఖకు అధ్యక్షులయ్యారు. వినికిడి తగ్గిపోవడంతో పాఠం చెప్పడం కష్టమై పరిశోధన వైపే మొగ్గారు. 1951లో భారత పౌరసత్వం తీసుకున్నారు. 1968లో వచ్చిన ఆయన ఇంగ్లీషు-హిందీ నిఘంటువు ఇప్పటికీ చాలామంది ఇళ్లలో కనిపిస్తుంది. అందులో ఇంగ్లీషు మాటల ఉచ్చారణ దేవనాగరిలో ఉంటుంది. హిందీ మీడియం పిల్లవాడికి అదెంత ఆసరానో ఈ ఊళ్లో పాఠాలు చెప్పేవాళ్లకు తెలుసు. బైబిలునూ హిందీలోకి తెచ్చారు. పురూలియా రోడ్డులోని మన్రేసా హౌస్‌లో ఆయన గదిలోని పుస్తకాలు ఏ విద్యార్థి వచ్చి అడిగినా ఇచ్చేవారు.

1974లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టు 17న, గ్యాంగ్రీన్ ముదిరి, ఢిల్లీలో కన్నుమూశారు. అక్కడే కశ్మీరీ గేటు దగ్గరి శ్మశానంలో సమాధి చేశారు. 2018లో ఆయన అవశేషాలను రాంచీకి తెచ్చి సెయింట్ జేవియర్స్ కాలేజీ ఆవరణలో మళ్లీ సమాధి కట్టారు. ఆ కాలేజీ ముందున్న పురూలియా రోడ్డును ఇప్పుడు కామిల్ బుల్కే పథ్ అంటున్నారు.