చిత్రకళా తపస్వి దామెర్ల రామారావు

నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి మహారాష్ట్రను దాటి తెలుగునేల మీద ప్రవహిస్తుంది. మన చంద్రపూర్ జిల్లాను తాకుతూ పారే వార్ధా, వైనగంగ నదులు ఏకమై ప్రాణహిత అవుతాయి. సిరొంచ సమీపాన ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అంటే మన ప్రాంతంలో కురిసిన వాననీరు కూడా రాజమహేంద్రవరం రేవులను ఒరుసుకుంటూ సముద్రానికి చేరుతుందన్నమాట. ఆ రాజమహేంద్రవరంలో పుట్టి, మహారాష్ట్రలో విద్య నేర్చి, తెలుగువారి జీవితాన్ని తన కుంచెతో లోకానికి చూపిన చిత్రకారుడు దామెర్ల రామారావు. ఆయన జీవించినది ఇరవై ఏడు సంవత్సరాలే. ఆ కొద్ది కాలంలోనే తెలుగుదేశంలో ఆధునిక చిత్రకళకు బలమైన పునాది వేశారు.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆయనకు చిన్ననాటి నుండి బొమ్మలు గీయడమంటే ఎంతో ఇష్టం. ఆ రోజులలో చదువుకున్న యువకులు చాలామంది ప్లీడరు వృత్తినో, సర్కారు ఉద్యోగాన్నో కోరుకునేవారు. బొమ్మలు గీసి బ్రతకవచ్చునన్న మాటే లోకానికి వింతగా తోచేది. అటువంటి సమయంలో రామారావుకు ఒక మంచి గురువు దొరికారు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండు నుండి వచ్చి రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. రామారావులోని ప్రతిభను ఆయన వెంటనే గుర్తించారు. తరువాతి కాలంలో ‘నారాయణరావు’ నవలతో ప్రసిద్ధులైన అడివి బాపిరాజు, చిత్రకారుడు వరదా వెంకటరత్నం కూడా కూల్డ్రే ప్రోత్సాహం పొందినవారే.

కూల్డ్రే తన శిష్యులకు అజంతా గుహలను చూపించారు. అజంతా మహారాష్ట్రలోనే ఉన్నది. వాఘుర్ నది వంపులో, నిట్టనిలువుగా ఉన్న కొండరాతిని తొలిచి సుమారు ముప్పై గుహలు నిర్మించారు. వాటి గోడల మీద బుద్ధుని జీవితాన్నీ, జాతక కథలనూ చిత్రించారు. వాటిలో పెక్కు చిత్రాలు పదిహేను వందల ఏండ్లనాటివి. ఆ చిత్రాలలో ఒక్క గీతలోనే చేతి వంపు, మెడ వాలు, కంటి చూపు, మనసులోని దయ అన్నీ కనిపిస్తాయి. తాను నేర్చుకోవలసిన గొప్ప పాఠం తన దేశంలోనే ఉన్నదని రామారావు అక్కడ గ్రహించారు.

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి, అంటే నేటి ముంబయి నగరానికి వెళ్ళి, సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1857లో ప్రారంభమైన ఆ పాఠశాలలో పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ ఇచ్చేవారు. ఎదుట ఉన్న మనిషిని చూసి కొలతలు తప్పకుండా గీయడం, వెలుగునీడలను పట్టుకోవడం, దూరాన ఉన్నవి చిన్నవిగా కనబడేటట్లు చూపడం అక్కడి ముఖ్యమైన పాఠాలు. రామారావు ఈ విద్యను శ్రద్ధతో అభ్యసించి, 1920లో చదువు ముగించారు.

చదువు ముగిసేసరికి ఆయన ముందు ఒక పెద్ద ప్రశ్న నిలిచింది. ఆనాడు మన దేశంలో చిత్రకారులకు రెండు మార్గాలు కనబడేవి. ఒకటి రాజా రవివర్మ నడిచిన మార్గం. ఆయన తైలవర్ణాలతో, పాశ్చాత్య పద్ధతిలో దేవతలను, పురాణ పాత్రలను చిత్రించారు. వాటి అచ్చు ప్రతులు దేశమంతటా ఇంటి గోడల మీద వెలిశాయి. రెండవది బెంగాలులో అవనీంద్రనాథ్ ఠాగూరు చూపిన మార్గం. పాశ్చాత్య పద్ధతిని విడిచి, కాగితాన్ని మాటిమాటికీ నీటితో తడుపుతూ, పలుచని రంగులను పొరలు పొరలుగా వేసి, మంచు కమ్మినట్లుండే మెత్తని చిత్రాలను గీయడం ఆ పద్ధతి. రెండింటిలో దేనిని అనుకరించినా పేరు రావడం కష్టం కాదు. కాని అలా చేస్తే అందులో తనదంటూ ఏమి మిగులుతుంది?

రామారావు రెండింటినీ గౌరవించారు. దేనికీ దాసులు కాలేదు. మనిషి శరీరాన్ని ఉన్నది ఉన్నట్లు గీయగల నేర్పును బొంబాయి నుండి తెచ్చుకున్నారు. గీతలోని లయను అజంతా నుండి గ్రహించారు. వస్తువును మాత్రం తన చుట్టూ ఉన్న జీవితం నుండి తీసుకున్నారు. తెలుగు స్త్రీల కట్టూబొట్టూ, నడక, గోదావరి నీటి మెరుపు, తూర్పు కనుమల కొండలు ఆయన చిత్రాలలో చోటు చేసుకున్నాయి. ఎక్కడికి వెళ్ళినా స్కెచ్ పుస్తకం ఆయన వెంట ఉండేది. కథియవాడ్ ప్రాంతపు పాలు అమ్మే స్త్రీలను కూడా ఆయన అందంగా చిత్రించారు.

‘ఋష్యశృంగ బంధనం’ ఆయనకు దేశమంతటా పేరు తెచ్చిన చిత్రం. లోకమంటే తెలియకుండా అడవిలో పెరిగిన ముని కుమారుడు ఋష్యశృంగుడు. అతని పాదం మోపితే వానలు కురుస్తాయని నమ్మి, అంగరాజు అతనిని తన రాజ్యానికి రప్పించిన కథ రామాయణంలో ఉన్నది. ఈ కథను ఆధారం చేసుకొని గీసిన ఆ చిత్రానికి 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో వైస్రాయి బహుమతి లభించింది. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకారం’, ‘నంది పూజ’ ఆయన ఇతర ప్రసిద్ధ చిత్రాలు. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలు చోటు సంపాదించాయి.

పేరు రాగానే రామారావు బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడి ఉండవచ్చు. ఆయన అలా చేయలేదు. తాను నేర్చిన విద్యను తనవారికి పంచాలని సొంత ఊరికి తిరిగి వచ్చారు. 1923లో రాజమహేంద్రవరంలో ‘ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్’ అనే సంస్థను నెలకొల్పి, మిత్రులతో కలిసి యువకులకు చిత్రలేఖనం నేర్పారు. స్త్రీలు కుంచె పట్టడమే అరుదైన ఆ రోజులలో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రకళను అభ్యసించి చక్కని చిత్రాలు గీశారు. ఇల్లు కూడా ఆయనకు ఒక పాఠశాలే అయింది.

సంస్థ ఇంకా వేళ్ళూనకముందే దురదృష్టం ఎదురైంది. రామారావుకు మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదో ఏడు కూడా నిండలేదు. నాడు ఎందరినో బలిగొన్న ఆ మహమ్మారి టీకాల వలన నశించిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రామారావు కాలంలో మాత్రం అది ప్రతి ఇంటినీ భయపెట్టే వ్యాధి.

గురువు పోయినా బడి ఆగలేదు. వరదా వెంకటరత్నం ఆ భారాన్ని తన భుజాల మీద వేసుకున్నారు. మిత్రుని చిత్రాలను కాపాడారు, శిష్యులను తీర్చిదిద్దారు. రామారావు మిగిల్చిన సంపదలో 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 250 పెన్సిలు చిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలు ఉన్నాయి. రాజమహేంద్రవరంలో ఆయన పేరుతో వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలను చూడవచ్చు.

పద్యాన్ని చదవడం నేర్చుకున్నట్లే చిత్రాన్ని చూడడం కూడా నేర్చుకోవాలి. చిత్రం ముందు కొంతసేపు నిలబడాలి. మొదట మన కన్ను ఎక్కడ ఆగిందో గమనించాలి. గీతలు కంటిని ఎటు నడిపిస్తున్నాయో, వెలుగు ఎటు నుండి పడుతున్నదో, ఏ రంగు పక్కన ఏ రంగు ఉన్నదో చూడాలి. చివరకు చిత్రకారుడు దీనినే ఎందుకు ఎన్నుకున్నాడని ప్రశ్నించుకోవాలి. అప్పుడు చిత్రం మనతో మాట్లాడుతుంది.

ఇందుకు దూరం పోనవసరం లేదు. గోండు రాజులు కట్టించిన చంద్రపూర్ కోట దర్వాజాల మీద శిల్పులు చెక్కిన సింహాన్నీ, ఏనుగునూ మనం చూస్తూనే ఉంటాము. చూసి దాటిపోవడం వేరు. ఆగి పరిశీలించడం వేరు. రామారావు గోదావరి గట్టున ఆగి చూశారు. చూసినదానిని ప్రేమించారు. ప్రేమించినదానిని పదిమందికీ చూపించారు. ఇరవై ఏడేళ్ళ జీవితం చిన్నదే. కాని దానిని ఆయన వినియోగించుకున్న తీరు మనందరికీ ఆదర్శం.