రామదాసు భయపడలేదా?

చిన్నప్పుడు మా వీధిలో వేసిన శ్రీరామనవమి పందిట్లో, పానకం గ్లాసు చేత పట్టుకుని రామదాసు హరికథ వినేవాణ్ణి. రామలక్ష్మణులు తానీషాకు పైకం చెల్లించే ఘట్టం రాగానే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. నాకది మంచి తమాషాగా ఉండేది. ఆ కథలోని జైలు భాగం నాకు అర్థమైంది మాత్రం 2001లో, అమెరికాలో ఉద్యోగం పోయినప్పుడు. వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. బాబుకి ఇంకా ఏడాది నిండలేదు. నిద్రపట్టని ఆ రాత్రుళ్ళలో బాలమురళిగారు పాడిన రామదాసు కీర్తనల క్యాసెట్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. 17వ శతాబ్దం వాడు. ఖమ్మం దగ్గర నేలకొండపల్లి ఆయన ఊరు. గోల్కొండను 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కొలువులో ప్రధాని మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న గోపన్నకు మేనమామలు. వారి చలవతో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. పోకల దమ్మక్క తాటాకు పందిరి కింద పూజించుకుంటున్న భద్రాద్రి రాముణ్ణి చూసి, గోపన్న మనసు ఆగలేదు. వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. అది ఆరు లక్షల వరహాలని చెప్పుకుంటారు. సర్కారు సొమ్ము సర్కారుకు చేరలేదు గనుక గోల్కొండ చెరసాలలో వేశారు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నాడని ప్రతీతి.

ఆ చెరలో ఆయన ధీరుడిలా చిరునవ్వుతో కూర్చున్నాడని నేను అనుకునేవాణ్ణి. కీర్తనలు శ్రద్ధగా వింటే అది నిజం కాదని తెలుస్తుంది. ఏడ్చాడు, బతిమాలాడు. ఒక మాట చెప్పి పెట్టమని సీతమ్మ తల్లిని వేడుకున్నాడు. చివరికి కోపం పట్టలేక లెక్కలు కూడా తీశాడు. భరతుడికి పచ్చల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, ఇవన్నీ ఎవరి సొమ్మనుకున్నావని రాముణ్ణే నిలదీశాడు. మళ్ళీ అదే కీర్తనలో, దెబ్బలకు తాళలేక తిట్టానయ్యా, మనసులో పెట్టుకోకు అని వేడుకున్నాడు.

రామదాసు భయపడ్డాడు. కానీ ఆ భయాన్ని ఎవరి దగ్గర చెప్పుకోవాలో ఆయనకు తెలుసు. విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు, నీవాడనని ఒక్కసారి అన్నవాడికి అభయమిస్తాను, అది నా వ్రతం అని రాముడు మాట ఇచ్చినట్లు వాల్మీకి రాశాడు. అభయం అంటే భయం లేకుండా చేయడమే. ఆ మాట నమ్మాడు గనుకే రామదాసు అంత చనువుగా పోట్లాడాడు. వినేవాడు లేడనుకుంటే ఎవరూ గోడలతో పోట్లాడరు కదా!

రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి బాకీ తీర్చారని భక్తుల నమ్మకం. ఆ సంగతి తెలిసి తానీషా ఆయన్ని విడిపించాడంటారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది, తానీషాయే బందీ అయ్యాడు. భద్రాద్రిలో కల్యాణం మాత్రం నేటికీ ఏటేటా జరుగుతూనే ఉంది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ఇప్పటికీ అందుతున్నాయి.

నాకు కొన్ని వారాలకు తక్కువ జీతంతో మరో ఉద్యోగం దొరికింది. అది రాముడే ఇప్పించాడని వాదించను. ఉద్యోగం దొరకక ముందే ఒక రాత్రి, భయంగా ఉంది స్వామీ అని పైకి అనేసి నిద్రపోయాను. నాకు దొరికిన అభయం అదే.

తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు మా బాబుని గోల్కొండ తీసుకువెళ్ళాను. ఆ చెరసాల గోడ మీద రామదాసు చెక్కాడని చెప్పే మూర్తులను చూపించాను. నాన్నా, ఆయనకు చీకట్లో భయమెయ్యలేదా అని అడిగాడు. వేసింది నాన్నా, అందుకే పాడాడు అన్నాను.