రాయబారి తిక్కన

కొనకనమిట్ల, పొదిలి, కనిగిరి ప్రాంతాలు మెట్టసీమ. వాన మొగం చాటేస్తే ఇక్కడ మొదట ఎండేది పచ్చిక, ఆ తరువాత పశువు డొక్క. మేత కోసం మందలను దూరసీమలకు తోలుకొనిపోవడం ఇక్కడి పశుపాలకులకు తరతరాల అలవాటు. 13వ శతాబ్దిలో అటువంటి మేత తగవు ఒకటి యుద్ధంగా పరిణమించి, ఒక మహాకవి ఇంటి బిడ్డను బలిగొన్నది. ఆ కవి తిక్కన సోమయాజి.

తిక్కన తాత మంత్రి భాస్కరుడు. తల్లి అన్నమ, తండ్రి కొమ్మన. మంత్రిత్వం ఆ వంశానికి వెన్నతో పెట్టిన విద్య. నెల్లూరు నేలిన మనుమసిద్ధి కొలువులో తిక్కన మంత్రిగా, కవిగా వెలుగొందాడు. రాజు ఆయనను మామా అని పిలిచేటంత చనువు వారి మధ్య ఉండేది. నిర్వచనోత్తర రామాయణాన్ని తిక్కన ఆ రాజుకే అంకితమిచ్చాడు.

తిక్కన పెదతండ్రి సిద్ధన కుమారుని పేరు కూడా తిక్కనయే. కత్తిపట్టిన యోధుడు కనుక లోకం అతనిని ఖడ్గతిక్కన అన్నది. కరవుకాలంలో కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు రాజ్యపు పచ్చికబయళ్లకు తోలుకొని వచ్చాడు. మేతకు పుల్లరిగా మందలో పుట్టిన కోడెదూడలను చెల్లించాలని ఒడంబడిక. కొంతకాలం అంతా సవ్యంగానే సాగింది. తరువాత రాజు ఉంపుడుకత్తె పెంచుకొన్న చిలుక విషయమై మాట పెరిగి, ఆవులు చంపబడ్డాయని, పుల్లరి నిలిచిపోయిందని కాటమరాజు కథలు చెబుతాయి. చిలుక కోసం యుద్ధమా అని విద్యార్థులకు నవ్వు రావచ్చు. మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎంత చిన్న మాటతో మొదలవుతాయో ఎరిగినవారికి నవ్వు రాదు. ఆవులను పోగొట్టుకొన్నవాడు పన్ను కట్టననడం న్యాయమే. ఒప్పందం తప్పినవానిని అడగడం రాజుకూ న్యాయమే. రెండు న్యాయాల నడుమ కూర్చుండి మాట్లాడగలవాడు కరవయ్యాడు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర సేనలు తలపడ్డాయి.

ఆ పోరులో ఖడ్గతిక్కన బలగం దెబ్బతిని అతడు ఇంటికి మరలివచ్చాడట. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, చాటుగా మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించి, నీవు విరిగి వచ్చినట్లే పాలూ విరిగాయని ఎత్తిపొడిచింది. అవమానం భరించలేక అతడు మళ్లీ రణరంగానికి వెళ్లి ప్రాణాలు విడిచాడు. ఈ ఘట్టాన్ని మనం తరతరాలుగా వీరగాథగానే చెప్పుకొన్నాము. ఒక్కసారి ఆ ఇంటి వైపు నుండి చూడండి. ప్రాణాలతో వచ్చిన కొడుకును తల్లి, భర్తను భార్య తమ మాటలతోనే తిరిగి మృత్యువు వద్దకు పంపారు. పౌరుషం అన్న మాట ఆ ఇంట ఎంత వెల అడిగిందో!

అదే ఇంటి మరొక తిక్కన దారి వేరు. అక్కన, బయ్యనలు మనుమసిద్ధిని గద్దె దించినప్పుడు ఆయన ఓరుగల్లుకు రాయబారిగా వెళ్లాడు. కాకతి గణపతిదేవుని కొలువులో భారతకథ వినిపించి, పండితులతో వాదించి మెప్పించి, ఆ చక్రవర్తి అండ సంపాదించాడని సిద్ధేశ్వర చరిత్ర తెలుపుతున్నది. గణపతిదేవుని సేన కదిలింది, మనుమసిద్ధికి రాజ్యం దక్కింది. అక్కడా కత్తి దూయకుండా పని జరుగలేదన్నది నిజమే. అయినా అంతటి చక్రవర్తిని తమవైపు తిప్పినది తిక్కన వాక్కే.

ఆ కాలంలో శైవవైష్ణవ వైషమ్యాలు కూడా తీవ్రంగా ఉండేవి. తిక్కన ఏ పక్షమూ వహించలేదు. హరిహరులను ఒకే మూర్తిగా భావించి, తన భారతాన్ని ఆ హరిహరనాథునికి అంకితమిచ్చాడు.

విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలను ఆయన ఒక్కడే తెనిగించాడు. అందులో ఉద్యోగపర్వం చదివినవారికి రాజనీతి తెలిసిన మంత్రి చేయి స్పష్టంగా కనిపిస్తుంది. సంజయుడు వస్తాడు, శ్రీకృష్ణుడు వెళతాడు, ధర్మరాజు అర్ధరాజ్యం నుండి అయిదూళ్ల దాకా దిగివస్తాడు. ఎదుటివానికి తలవంపు కాకుండా మాట ఎలా కలపాలో, ఎక్కడ మెత్తబడాలో, ఎక్కడ నిలబడాలో ప్రతి పాత్ర పలుకులోనూ తూచి పెట్టాడు. ఆ సంధి కుదరలేదు.

కుదరనందుకు వెల ఏమిటో స్త్రీపర్వంలో ఉన్నది. గాంధారి, కోడళ్లు రణభూమికి వస్తారు. ఏ దేహం ఎవరిదో వెదుకుకొంటారు. గెలిచినవారి ఇళ్లలోనూ ఏడుపే, అభిమన్యుని కోల్పోయిన ఉత్తర వలె. ఆ పుటలు చదువుతున్నప్పుడు నాకు పాలేటి ఒడ్డు, ఆ ఇంటి వాకిలిలో చానమ్మ తలపుకు రాక మానరు.