గిర్మిటు కూలీల బంధువు ఆండ్రూస్ గారు

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేయుచు పడిన పాట్లు చదివినప్పుడు అది పరాయివారి కథయని మనకు తోచదు. మన తాతముత్తాతలలో అనేకులు కబురు రాగానే తమ పని విడిచి, కూలి లేక దొరల పొలములకు పోయినవారే. అయితే కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొని, ఓడ యెక్కించి, చట్టము అండగా చేయించిన వెట్టి మరియొకటి యుండెను. దానిని మాన్పుటకు పాటుపడిన ఆండ్రూస్ గారిని గూర్చి యీ మాసము వ్రాయుచున్నాము.

ఛార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ 1871లో ఇంగ్లాండునందలి న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. తండ్రి బోధకుడు. నమ్మిన స్నేహితుడొకడు తల్లి ఆస్తిని పోగొట్టగా కుటుంబము బీదదాయెను. అప్పుడు కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ స్నేహితుని కొరకే ప్రార్థించెనట. కుమారుడు దానిని జీవితాంతము మరువలేదు. 1904లో మిషనెరీగా ఢిల్లీకి వచ్చి సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఉపాధ్యాయుడాయెను. 1906లో ఆ కాలేజీకి భారతీయుడైన రుద్రగారే ప్రిన్సిపాలు కావలెనని పట్టుబట్టినవారిలో ఈయన ముఖ్యుడు.

1914 జనవరిలో దక్షిణాఫ్రికాకు వెళ్లి, డర్బను రేవులో దిగగానే గాంధీగారి పాదములంటి నమస్కరించెను. అచ్చటి తెల్లవారికి అది మింగుడుపడలేదు. 1860 మొదలుకొని మద్రాసు రేవున ఓడలెక్కి ఆ దేశమునకు పోయిన కూలీలలో మన తెలుగువారు అనేకులుండిరి. తోటనుండి పారిపోయి వచ్చిన కూలీ యొకడు, కొరడాదెబ్బలు తిన్న వీపుతో, ఆయనకు అచ్చట కనబడెను. మరుసటి యేట శాంతినికేతనములో నుండగా ఆ కూలీ ముఖము ఆయన కన్నులయెదుట నిలిచి, చూచుచుండగనే క్రీస్తు ముఖముగా మారినట్లు కనబడెనట. అంతట ఫిజీ ప్రయాణము నిశ్చయించుకొనెను.

ఫిజీ దీవుల చెరకుతోటలకు 1879 నుండి 1916 వరకు 60,000 మంది మనదేశస్థులు పంపబడిరి. 1903 తరువాత తెలుగువారును పోయిరి. అగ్రిమెంటు అను మాట నోరు తిరుగక వారు గిర్మిటు అనిరి. గడువు 5 ఏండ్లు. ఇచ్చట మన పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. ఒప్పుకొన్న పని ఒకడు మానినయెడల యజమానుడు నష్టమునకై సివిలు కోర్టులో దావా వేయుట వాడుక. గిర్మిటు కూలీకి అట్లు కాదు. ఆనాటి పని ముగింపకపోయినను, సెలవులేక తోట విడిచినను అది నేరమే. జరిమానా, లేదా జైలు. జైలులో గడచిన దినములు గడువునకు కలుపబడుచుండెను. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు చాలునను నిబంధనవలన ఆ తోటలలో కలిగిన దురవస్థను వ్రాయుటకు మాకు కలము రాదు.

1915లో ఆండ్రూస్ గారును, స్నేహితుడైన పియర్సన్ గారును కూలీలు కాపురమున్న ఇండ్లవరుసలు తిరిగి, చూచినదానిని 1916లో నివేదికగా ప్రకటించిరి. ఆ మార్చిలో మాలవీయగారు శాసనసభలో తీర్మానము తేగా వైస్రాయి హార్డింజి ప్రభువు సమ్మతించెను. మాట యిచ్చుట వేరు, మాన్పుట వేరు గదా! ఆందోళన సాగగా 1917 మార్చిలో కూలీలను పంపుట ఆగెను. ఇదివరకే కట్టుబడియున్నవారి మాట ఏమి? వారికొరకు ఆండ్రూస్ గారు ఆ యేటనే మరల ఫిజీకి వెళ్లెను. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిటులన్నియు రద్దాయెను.

దీనబంధువని జనులు పిలిచిన ఆయన 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూసెను, అచ్చటనే సమాధి. పదేండ్లకు, 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించెను. అప్పుక్రింద కట్టుపనిని రద్దుచేసిన చట్టము 1976 నాటిది. దానిప్రకారము అట్టివాని అప్పు కొట్టివేయబడినట్లే. మన పల్లెలలో ఎవడైన నేటికిని అట్లు చిక్కియున్నయెడల కలెక్టరుగారికి అర్జీ పెట్టవచ్చును. వ్రాయలేనివానికి సంఘకాపరి వ్రాసిపెట్టవచ్చును.