అరవై ఏళ్ళు చట్టసభలో ఒక రైతుబిడ్డ

రెండేళ్ళ క్రితం ఈ కళాశాలలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర నా కలం ఆగిపోయింది. పక్కనున్న కుర్రాళ్ళు ఉద్యోగమనీ, వ్యాపారమనీ చకచకా రాసేస్తున్నారు. నేను స్వంత పని అని రాసి ఊరుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి తాతయ్యకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. సీమకు వెళ్ళి చదువుకొచ్చిన రంగాగారికే రైతునని చెప్పుకోవడానికి లేని నామోషీ నీకెక్కడ నుంచి వచ్చిందిరా అని మాత్రం అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతే గ్రంథాలయంలో కూర్చొని ఆచార్య ఎన్.జి. రంగాగారి జీవితం చదివాను. చదివిందీ, నాకు తోచిందీ మిత్రులతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

మా ఊరు పొన్నూరుకు దగ్గర. ఆ పొన్నూరును ఆనుకొని ఉన్న నిడుబ్రోలులోనే 1900 నవంబరు 7వ తేదీన గోగినేని రంగనాయకులు ఒక రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకొని, ఆపైన ఇంగ్లండు వెళ్ళి, 1926లో ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టం పుచ్చుకొన్నారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. ఆ రోజుల్లో అంతకు మించిన గౌరవం ఏముంది? కాని 1930లో గాంధీగారి పిలుపు విని స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. ఆ ఏడాదే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికాయన వయస్సు ముప్పై.

అప్పట్లో ఆంధ్ర దేశంలో చాలా భాగం జమీందారీల కింద ఉండేది. దున్నేది రైతు, శిస్తు కట్టేది జమీందారుకు. వాన కురిసినా కురవకపోయినా కట్టాల్సిందే. రంగాగారు వెంకటగిరి వంటి జమీందారీలలో రైతుల పక్షాన నిలబడ్డారు. 1934లో నిడుబ్రోలులో రైతు విద్యాలయం నెలకొల్పారు. పల్లెటూరి యువకులకు రాజకీయమూ, అర్థశాస్త్రమూ అక్కడ నేర్పేవారు. రైతు గోడు రైతే చెప్పుకోగలగాలన్నది ఆయన ఆశయం. శ్రీకాకుళం ప్రాంతపు గౌతు లచ్చన్నగారు రంగాగారి శిష్యులుగానే పేరు పొందారు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. దానికి స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ మరుసటి ఏడాదే మన రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు కాలినడకన బయలుదేరారు. దారి పొడుగునా ఊరూరా రైతుల అర్జీలు పుచ్చుకుంటూ నడిచారు. చివరికి 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది. ఇదంతా ఒక్కరి వల్ల అయిందని నేననను. ఐతే పొలం గట్టు మీది కష్టాన్ని చట్టసభ దాకా మోసుకెళ్ళిన వారిలో రంగాగారు ముందువరుసలోని వారు.

ఇక ఆయన సభా జీవితం. కేంద్ర శాసనసభ, రాజ్యాంగ సభ, తాత్కాలిక పార్లమెంటు, రాజ్యసభ, లోక్‌సభ, అన్నింటిలోనూ కూర్చున్నారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. 1962లో అదే తెనాలిలో ఓడిపోయినా, చిత్తూరు ఉప ఎన్నికలో నెగ్గి తిరిగి వచ్చారు. 1967లో శ్రీకాకుళం, 1980, 1984, 1989లలో గుంటూరు. చివరిసారి నెగ్గేనాటికి ఆయనకు 89 ఏళ్ళు! 1991లో విరమించుకొనే సరికి, మధ్యలో కొన్ని విరామాలున్నా, మొదటిసారి సభలో అడుగుపెట్టి అరవై ఏళ్ళు దాటింది. అందుకే గిన్నిస్ బుక్కు కెక్కారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇన్నేళ్ళలో ఆయన పార్టీలు చాలానే మార్చారు. 1951లో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఎన్నికల్లో కాంగ్రెసుతో చేయి కలిపి, మళ్ళీ అందులో చేరారు. 1959లో మళ్ళీ బయటికొచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి మొదటి అధ్యక్షులయ్యారు. 1970లలో తిరిగి కాంగ్రెసులోకి వచ్చారు. మా హాస్టల్లో ఒక మిత్రుడు ఇది విని ఫిరాయింపు ఈనాటిది కాదన్నమాట అని నవ్వాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత ఆలోచించాను. లేబరేటరీలో ఒక ప్రయోగం చేసేటప్పుడు ఏవి మారుతున్నాయో చూస్తే చాలదు, ఏది మారకుండా ఉందో కూడా చూడాలి. 1959 సంగతే తీసుకుందాం. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. రంగాగారు అప్పుడు కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. పైగా నెహ్రూగారు మంచి పలుకుబడిలో ఉన్న కాలం. నోరు మెదపకుండా ఉంటే పదవికి ఢోకా లేదు. కాని పొలాలన్నీ కలిపేస్తే రైతు తన భూమిలో తానే కూలివాడవుతాడని ఆయన నమ్మారు, పదవి వదులుకొన్నారు. పదవి కోసం పార్టీ మారడం వేరు, మాట కోసం పదవి పోగొట్టుకోవడం వేరు. 1967లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి పెద్ద ప్రతిపక్షమైంది గాని, 1959లో ఆ సంగతి ఎవరికి తెలుసు?

అలాగని ఆయన అన్నదల్లా ఒప్పని నేననలేను. మాకు స్వంతం రెండెకరాలు. మరో మూడెకరాలు నాన్న కౌలుకు చేస్తాడు. వరి కోశాక మినుము చల్లి, అది చేతికొస్తేనే మిగులు. పాస్ బుక్కున్న వాడికి బ్యాంకు అప్పు సులువు, కౌలుదారుకు అంత సులువు కాదు. రంగాగారు భూమి గల రైతు హక్కు కోసం గట్టిగా పోరాడారు. భూసంస్కరణల చట్టాలకు కోర్టుల నుంచి రక్షణనిచ్చిన 1964 నాటి రాజ్యాంగ సవరణను కూడా వ్యతిరేకించారు. మరి సెంటు భూమి లేని కూలీ మాటేమిటి, కౌలుదారు మాటేమిటి అని కమ్యూనిస్టులు ఆనాడే అడిగారు. ఆ ప్రశ్నలో నిజముంది. రైతులంతా ఒకే కుటుంబమని రంగాగారి నమ్మకం. ఆ కుటుంబంలో పెద్ద విస్తరీ చిన్న విస్తరీ ఉన్నాయని మా ఇంటి అనుభవం. మా తాతయ్యతో ఈ మాటంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అడగడం నేర్పింది కూడా ఆయనేగా అన్నాడు.

1991లో ప్రభుత్వం రంగాగారికి పద్మవిభూషణ్ ఇచ్చింది. 1995 జూన్ 9న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఎంట్రన్సు రాసే మనలో ఎంతోమందికి ఎన్.జి. రంగా అంటే ఆ కాలేజీ పేరే. ఆ అక్షరాల వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన అరవై ఏళ్ళ పాటు ఒకే ప్రశ్నను సభలో వినిపించాడనీ తెలుసుకోవడం మన కనీస ధర్మం. ఆయన అడగకుండా మిగిల్చిన ప్రశ్నలుంటే, వాటిని అడగవలసింది మనమే.

వచ్చే ఏడు పై చదువులకు మళ్ళీ దరఖాస్తు నింపాలి. ఈసారి ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు. కౌలు రైతు అని, విడివిడిగా, స్పష్టంగా రాస్తాను.