జాతి పాపాన్ని ఒప్పుకున్న అధ్యక్షుడు

అబ్రహాం లింకన్ 1809 ఫిబ్రవరి 12న అమెరికాలోని కెంటకీలో, దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. బడి చదువు అంతా కలిపి ఏడాదికి మించదు. బైబిలు బాగా ఎరిగినవారే గాని, ఏ క్రైస్తవ శాఖలోనూ సభ్యులుగా చేరలేదు.

1861లో ఆయన అధ్యక్షులయ్యారు. బానిసత్వం మూలంగా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైంది. 1862 ఫిబ్రవరిలో పదకొండేళ్ల కుమారుడు విల్లీ జ్వరంతో మరణించాడు. ఇంట కన్నీరు, దేశంలో నెత్తురు.

మరుసటి ఏడు, సెనేటు కోరగా, 1863 ఏప్రిల్ 30వ తేదీని ఉపవాస ప్రార్థన దినంగా ప్రకటించారు. యుద్ధకాలంలో పాలకులు సాధారణంగా శత్రువుల పాపాలు లెక్కపెడతారు. లింకన్ ప్రకటన అలా లేదు. ఈ యుద్ధం జాతి యావత్తూ చేసిన పాపాలకు శిక్ష కావచ్చునని, సిరిసంపదల గర్వంలో దేవుణ్ణి మరచిపోయామని, పాపాలు ఒప్పుకొని క్షమాపణ వేడుకోవాలని అది ప్రజలను కోరింది.

యుద్ధం వెంటనే ఆగలేదు. మరో రెండేళ్లు సాగింది. అది ముగుస్తున్న రోజుల్లోనే, 1865 ఏప్రిల్ 14, పవిత్ర శుక్రవారం రాత్రి, నాటకశాలలో ఆయనను కాల్చారు. మరునాటి ఉదయం కన్నుమూశారు. తరువాతి అధ్యక్షులు జాన్సన్ మే 25ను సంతాప దినంగా ప్రకటించి, అది క్రీస్తు మోక్షారోహణ పండుగ అని తెలిసి జూన్ 1కి మార్చారు.

ప్రియ విశ్వాసులారా, మన ఇంట తగవు వచ్చినపుడు కుటుంబ ప్రార్థనలో ఎవరి తప్పు ముందుగా దేవుని ఎదుట ఉంచుతున్నాం?