రెండు నెలల బడి చదువు, జీవితమంతా ఆకాశం

ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ 1857 డిసెంబరు 16న అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టాడు. ఆయన పుట్టకముందే తండ్రి చనిపోయాడు. అంతర్యుద్ధపు రోజుల్లో, కటిక పేదరికంలో తల్లి ఎలిజబెత్ పిల్లల్ని పెంచింది. ఎడ్వర్డ్ బడికి వెళ్ళింది సుమారు రెండు నెలలే. చదవడం నేర్పింది అమ్మే.

తొమ్మిదేళ్ళు నిండకముందే ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఫొటోలను పెద్దవి చేసే యంత్రం ఒకటి మేడ మీద ఉండేది. దానికి ఎండే దీపం. సూర్యుడు జరిగినకొద్దీ దాన్ని చేత్తో తిప్పుతుండాలి. అదే ఆ పిల్లవాడి పని.

ఇరవై ఏళ్ళు నిండకముందే, ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం పోసి అయిదు అంగుళాల టెలిస్కోప్ కొన్నాడు. 1877లో ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకూంబ్ నాష్‌విల్ వస్తే, వెళ్ళి సలహా అడిగాడు. ముందు గణితం నేర్చుకోమన్నాడాయన. బర్నార్డ్‌కు ఏడుపొచ్చింది. అయినా ట్యూషన్ పెట్టించుకున్నాడు. రాత్రిళ్ళు తోకచుక్కలు కనిపెట్టి, వాటికొచ్చిన బహుమతి డబ్బుతో ఇల్లు కట్టాడు. 1888లో కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో ఉద్యోగం వచ్చింది. 1892లో గురుగ్రహపు అయిదో చందమామను కనుగొన్నాడు. గెలీలియో 1610లో నాలుగింటిని చూశాక మళ్ళీ కొత్తది దొరకడం అదే మొదటిసారి.

అయితే ఆయన అసలు పరీక్ష వేరు. 1889 నుంచి, మనుషుల ఫొటోలు తీయడానికి చేసిన లెన్సుతోనే పాలపుంతను ఫొటోలు తీశాడు. కిక్కిరిసిన చుక్కల మధ్య నల్లని మచ్చలు కనిపించాయి. అవి చుక్కలు లేని ఖాళీలని, ఆకాశంలో రంధ్రాలని అప్పట్లో చాలామంది నమ్మకం. బర్నార్డ్ కూడా ఏళ్ళ తరబడి అలాగే నమ్మాడు.

1913 వేసవిలో ఒక రాత్రి ధనుస్సు రాశి వైపు ఫొటో తీస్తున్నాడు. పాలపుంత వెలుగు మీద చిన్న చిన్న మబ్బు తునకలు నల్లగా, సిరా చుక్కల్లా కనిపించాయి. అవి మామూలు మబ్బులే. కానీ తన ఫొటోల్లోని మచ్చలూ అచ్చం అలాగే ఉన్నాయి! పేరు ప్రతిష్ఠలన్నీ వచ్చాక, యాభై అయిదేళ్ళ వయసులో, తన పాత నమ్మకం పక్కన పెట్టాడు. ఆ మచ్చల్లో చాలావరకు వెనకున్న చుక్కల వెలుగును అడ్డుకునే మేఘాలేనని రాశాడు. 1919లో అలాంటి 182 మచ్చల జాబితా అచ్చు వేశాడు.

ఆ మేఘాల్లో ఏముందో ఇప్పుడు మనకు తెలుసు. ఎక్కువ భాగం వాయువు. బరువులో వందో వంతు మాత్రం ధూళి: ఇసుకకు బంధువులైన సిలికేట్లు, మసి లాంటి కార్బన్ రేణువులు, వాటిపై గడ్డకట్టిన నీరు, కార్బన్ మోనాక్సైడ్. వెలుగును ఆపేది ఈ ధూళే. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు మాత్రం దీన్ని చాలావరకు దాటుకొస్తాయి. అలా చూస్తే, ఆయన పేరుతోనే పిలిచే బర్నార్డ్ 335 మేఘంలో ఒక నక్షత్రం ఇప్పుడే రూపు కడుతోంది. పసి నక్షత్రం చుట్టూ పళ్ళెంలా తిరిగే ఇలాంటి ధూళి నుంచే గ్రహాలు ఏర్పడతాయి. మన భూమి కూడా అలా వచ్చిందే.

బర్నార్డ్ 1923 ఫిబ్రవరి 6న కన్నుమూశాడు. ఆయన పాలపుంత ఫొటోల గ్రంథాన్ని మేనకోడలు మేరీ కాల్వర్ట్, సహచరుడు ఎడ్విన్ ఫ్రాస్ట్ పూర్తి చేయగా 1927లో వెలువడింది.

ఈ వేసవి సెలవుల్లో ఊరెళితే, వెన్నెల లేని రాత్రి పిల్లలతో డాబా ఎక్కండి. పాలపుంత మధ్యలో నల్లని చారలు చూపించి, అవేమిటో వాళ్ళనే ఊహించమనండి. జవాబు తప్పయినా తొందరపడి దిద్దకండి. బర్నార్డ్‌కే ఇరవై ఏళ్ళు పైగా పట్టింది.